గార్డా, రిజర్వా? అమెరికాలో పార్ట్‌టైమ్ సైనికుడిగా చేరే ముందు ఎలా తేల్చుకోవాలి

కాలేజీ కెరీర్ ఫెయిర్‌లో ఒక టేబుల్ మీద నేషనల్ గార్డ్ బ్యానర్ ఉంటుంది, నాలుగడుగుల దూరంలో ఆర్మీ రిజర్వ్ బ్యానర్ ఉంటుంది. రెండు చోట్లా ఒకేలాంటి యూనిఫాం, ఒకేలాంటి మాటలు: నెలకో వీకెండ్, ఏడాదికి రెండు వారాలు, చదువుకి డబ్బు. ఎవరు ముందు నవ్వి పలకరిస్తే వాళ్ల దగ్గర పేరు రాయించుకుని వచ్చే పిల్లలే ఎక్కువ. మా అబ్బాయీ అలాగే వచ్చాడు. వాడి వెనకాల తిరుగుతూ, ఫారాలు చదువుతూ, అడగాల్సినవి ఆలస్యంగా అడుగుతూ నేను నేర్చుకున్నది మీకు ముందే చెప్తున్నాను.

మొదట ఒక మాట మనసులో పెట్టుకోండి. బ్రాంచ్ పేరు, లోగో, టీవీ ప్రకటన చూసి చేరినా, మీరు ఆరేళ్లు గడిపేది ఒక యూనిట్‌తో. ఆ యూనిట్ ఎక్కడుంది, అక్కడ ఏ ఉద్యోగం ఖాళీగా ఉంది, దాన్ని ఎవరు పిలవగలరు అనే మూడూ తేలితే ఎంపిక చాలావరకు అయిపోయినట్టే.

ముందు అర్హత చూసుకోండి

అమెరికా పౌరులు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు చేరొచ్చు. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఓపీటీ మీద ఉన్నవాళ్లు చేరలేరు. ఇక్కడే పెరిగి, ఇక్కడి యాసే మాట్లాడుతూ, ఇంకా హెచ్-4 మీదే ఉన్న పిల్లలకి ఈ మాట చెప్పడం కష్టం. కానీ రిక్రూటర్ దగ్గరికి వెళ్లి ఆశపడ్డాక వినడం కంటే ఇంట్లో వినడం నయం.

"మా ఫ్రెండ్ స్టూడెంట్ వీసా మీదే చేరి సిటిజన్ అయిపోయాడు" అని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. అబద్ధమేమీ కాదు, పాత కథ. కొన్ని భాషలు వచ్చినవాళ్లనీ, వైద్య వృత్తుల వాళ్లనీ గ్రీన్ కార్డ్ లేకపోయినా తీసుకునే మావ్నీ అనే పథకం 2008లో ప్రకటించారు. 2016లో దానిలోకి కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేశారు.

గ్రీన్ కార్డ్ మీద చేరితే సైనికుడిగానే చేరాలి, ఆఫీసర్ కావడానికి పౌరసత్వం కావాలి. సెక్యూరిటీ క్లియరెన్స్ అడిగే ఉద్యోగాలకీ అంతే. మనవాళ్లు ఎక్కువగా ఆశపడే సైబర్, ఇంటెలిజెన్స్ పనులు ఆ కోవలోకే వస్తాయి. మరోవైపు, 2001 సెప్టెంబర్ 11 నుంచి నడుస్తున్న ప్రత్యేక నిబంధన వల్ల గార్డ్‌లోగానీ రిజర్వ్‌లోగానీ డ్రిల్ (ఆ నెలవారీ వీకెండ్ శిక్షణ) చేస్తున్నవాళ్లు ఐదేళ్లు ఆగకుండా పౌరసత్వానికి అప్లై చేసుకోవచ్చు. యూనిట్ వాళ్లు ఎన్-426 ఫారం మీద మీ సర్వీసుని ధ్రువీకరించాలి. పౌరసత్వ దరఖాస్తు ఎన్-400కి ఫీజు కూడా ఉండదు.

ఇక రిక్రూటర్ చెప్పని విషయం. పాపం, ఆయనకి తెలియదు కూడా. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకీ, అందులోంచి రిటైరైనవాళ్లకీ ఓసీఐ కార్డుకి అర్హత లేదని భారత ప్రభుత్వ నిబంధన. అమ్మమ్మ ఊరికి ఏటా వెళ్లొచ్చేవాళ్లకీ, అక్కడ ఆస్తులు ఉన్నవాళ్లకీ ఇది చిన్న సంగతి కాదు. ఇప్పటికే ఓసీఐ ఉంటే చేరకముందే మీ ప్రాంతపు భారత కాన్సులేట్‌కి రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన జవాబు లెక్కలోకి రాదు. మా ఇంట్లో ఈ సంగతి కాంట్రాక్ట్ సైన్ చేశాక బయటపడింది. వాళ్లమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

మిమ్మల్ని ఎవరు పిలవగలరో తెలుసుకోండి

గార్డ్‌కీ రిజర్వ్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది. మిగతావన్నీ దీని తర్వాతే.

నేషనల్ గార్డ్ ప్రతి రాష్ట్రానికీ వేరుగా ఉంటుంది. 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికో, గువామ్, వర్జిన్ ఐలాండ్స్ కలిపి 54. మామూలు రోజుల్లో దాని పైఅధికారి గవర్నర్, డీసీలో మాత్రం దేశాధ్యక్షుడే. గార్డ్‌లో చేరేటప్పుడు చేసే ప్రమాణంలో అధ్యక్షుడితో పాటు మీ రాష్ట్ర గవర్నర్ ఆదేశాలు పాటిస్తానని కూడా చెప్తారు. రిజర్వ్ ప్రమాణంలో గవర్నర్ ఊసు ఉండదు, అది పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వానిది.

దీని వెనక చరిత్ర ఉంది. గార్డ్ తన పుట్టినరోజుగా చెప్పుకునేది 1636 డిసెంబర్ 13. మసాచుసెట్స్ బే కాలనీ తన ఊళ్ల కాపలాకి రెజిమెంట్లు కట్టుకున్న రోజు అది. అంటే దేశం కంటే గార్డ్ వయసే పెద్దది. ఆర్మీ రిజర్వ్ 1908లో డాక్టర్ల జాబితాగా మొదలైంది, యుద్ధం వస్తే పిలవడానికి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పోలికలు పోలేదు. గార్డ్ ఊరిని అంటిపెట్టుకుని ఉంటుంది, ఆర్మీ రిజర్వ్‌లో వైద్యం, రవాణా, సరఫరా, ఇంజనీరింగ్ లాంటి సహాయక పనులు ఎక్కువ.

గార్డ్‌లో ఉన్నవాళ్లు మూడు రకాల డ్యూటీల మాట వింటారు. స్టేట్ యాక్టివ్ డ్యూటీ అంటే గవర్నర్ పిలుపు, రాష్ట్రం జీతం: వరదలు, కార్చిచ్చులు, మంచు తుఫాన్లు. టైటిల్ 32 అంటే అధికారం గవర్నర్‌ది, డబ్బు ఫెడరల్‌ది. నెలవారీ డ్రిల్ దీని కిందే వస్తుంది. టైటిల్ 10 అంటే పూర్తిగా ఫెడరల్, అధ్యక్షుడి పిలుపు. ఈ పేర్లు బోర్ కొట్టిస్తాయి గానీ మీ జీతం, ఇన్సూరెన్స్, రిటైర్మెంట్ పాయింట్లు ఏ డ్యూటీ అన్నదాన్ని బట్టే మారతాయి. స్టేట్ యాక్టివ్ డ్యూటీలో ఎన్ని రోజులు ఇసుక బస్తాలు మోసినా రిటైర్మెంట్ పాయింట్లు రావు.

"గార్డ్ అయితే ఇక్కడే ఉంటాడు, రిజర్వ్ అయితే విదేశాలకి పంపిస్తారు" అని తల్లిదండ్రులు అనుకుంటారు. అది నిజం కాదు. ఇరాక్‌కీ అఫ్గానిస్తాన్‌కీ రెండూ వెళ్లాయి, కొన్ని యూనిట్లు ఒకటికి రెండుసార్లు వెళ్లాయి. విదేశీ శిక్షణకి మా గార్డ్‌ని పంపం అని ఒక గవర్నర్ వేసిన కేసులో కూడా 1990లో సుప్రీంకోర్టు ఫెడరల్ ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. జాతీయ అత్యవసర స్థితిలో చట్టం ప్రకారం రెండింటినీ 24 నెలల దాకా పిలవొచ్చు. "నెలకో వీకెండ్" అన్నది శాంతి కాలపు లెక్క.

నిజమైన తేడా సొంత దేశంలో చేసే డ్యూటీలో ఉంది. 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు దాదాపు 50,000 మంది గార్డ్ వాళ్లు వెళ్లారు. కోవిడ్ రోజుల్లో టెస్టింగ్ సెంటర్ల దగ్గర నిలబడిందీ వాళ్లే. 2021 జనవరిలో అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి 25,000 మంది దాకా రాజధానికి వచ్చారు. 2025 జూన్‌లో కాలిఫోర్నియా గవర్నర్ వద్దన్నా అక్కడి గార్డ్‌ని ఫెడరల్ అధీనంలోకి తీసుకుని లాస్ ఏంజెలెస్ వీధుల్లో దించారు. ఇందులో ఎవరిది ఒప్పు అన్న చర్చలోకి నేను వెళ్లను. మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: మీ ఊరి వీధిలో, మీ పక్కింటివాళ్లు ఎదురుగా ఉండగా, హెల్మెట్ పెట్టుకుని నిలబడగలరా? వరదలో చిక్కుకున్న ముసలావిడని పడవ ఎక్కించే గార్డే ఆ పనికీ వెళ్తుంది. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు. రిజర్వ్‌ని కూడా విపత్తు సాయానికి పిలవొచ్చు గానీ అది అరుదు.

ఏడు తలుపులు ఉన్నాయి, అన్నీ తట్టక్కర్లేదు

ఆర్మీ నేషనల్ గార్డ్, ఆర్మీ రిజర్వ్, ఎయిర్ నేషనల్ గార్డ్, ఎయిర్ ఫోర్స్ రిజర్వ్, నేవీ రిజర్వ్, మరీన్ కోర్ రిజర్వ్, కోస్ట్ గార్డ్ రిజర్వ్. గార్డ్ అన్నది ఆర్మీకీ ఎయిర్ ఫోర్స్‌కీ మాత్రమే ఉంది. ఆర్మీ గార్డ్ అన్నిటికంటే పెద్దది, మూడు లక్షల పైచిలుకు మంది. అందుకే దాని ఆర్మరీలు, అంటే యూనిట్ల స్థావరాలు, చిన్న చిన్న ఊళ్లలో కూడా కనిపిస్తాయి. మరీన్ రిజర్వ్‌కి చేరితే 13 వారాల బూట్ క్యాంప్, ఫుల్‌టైమ్ మరీన్‌కి ఉన్నదే, ఒక్క రోజు తగ్గదు. కోస్ట్ గార్డ్ రిజర్వ్ చిన్నది, ఓడరేవులూ పడవలూ దాని లోకం.

పేర్లు చూసి పొరబడే చోటు ఒకటుంది. టెక్సాస్ స్టేట్ గార్డ్, కాలిఫోర్నియా స్టేట్ గార్డ్, న్యూయార్క్ గార్డ్ అనేవి నేషనల్ గార్డ్ కావు. అవి రాష్ట్రానికి మాత్రమే చెందిన దళాలు, వాటిని ఫెడరల్ ప్రభుత్వం పిలవలేదు, విదేశాలకి పంపలేదు. మామూలు శిక్షణకి సాధారణంగా జీతం ఉండదు, చదువుకి డబ్బిచ్చే జీఐ బిల్ లాంటి ఫెడరల్ సదుపాయాలూ రావు. యాభై ఏళ్ల వయసులో ఊరికి ఏదైనా చేయాలనుకునే ఇంజనీరుకి అవి బాగుంటాయి. ఫీజు కట్టుకోవాలనుకునే 19 ఏళ్ల పిల్లకి పనికిరావు. సివిల్ ఎయిర్ పెట్రోల్, కోస్ట్ గార్డ్ ఆక్సిలరీ అయితే సైనిక సర్వీసే కాదు, యూనిఫాం ఉన్న స్వచ్ఛంద సేవ.

మ్యాప్ తెరిచి గీత గీయండి

మీ ఇంటి నుంచి గంటన్నర కారు ప్రయాణంలో ఏయే యూనిట్లు ఉన్నాయో జాబితా రాయండి. గార్డ్ రిక్రూటర్‌ని అడిగి ఒకటి, రిజర్వ్ రిక్రూటర్‌ని అడిగి ఒకటి. ఒకరి ఖాళీలు ఇంకొకరికి తెలియవు, తెలిసినా చెప్పరు. ఎవరి లెక్కలు వాళ్లకి ఉంటాయి.

ఫుల్‌టైమ్ సైన్యంలో మీకు ఉద్యోగం ఇచ్చి అది ఉన్నచోటికి మిమ్మల్నే తరలిస్తారు. పార్ట్‌టైమ్‌లో మీరు ఉన్నచోట ఖాళీగా ఉన్న ఉద్యోగమే మీకు దొరుకుతుంది. మీ చుట్టుపక్కల ఉన్నవన్నీ ట్రక్ కంపెనీలే అయితే ఎంత మార్కులొచ్చినా ట్రక్కే. మా అబ్బాయి కోరుకున్న పని దగ్గర్లో లేదు. 170 మైళ్ల దూరంలో ఒక ఖాళీ ఉందని రిక్రూటర్ చెప్తే, "నెలకొకసారేగా" అని సైన్ చేశాడు. శనివారం ఉదయం ఆరున్నరకి ఫార్మేషన్‌లో నిలబడాలంటే శుక్రవారం రాత్రే బయల్దేరాలి. పెట్రోలు, మోటెల్, టోల్ గేట్లు అన్నీ కలిపి తడిసి మోపెడయ్యేది. 150 మైళ్లు దాటినవాళ్లకి ప్రయాణ ఖర్చు ఇచ్చే పద్ధతి ఒకటుంది గానీ అది అందరికీ రాదు, కొన్ని యూనిట్లకీ కొన్ని ఉద్యోగాలకే. మీకు వర్తిస్తుందో లేదో ముందే అడగండి. మేం తర్వాత అడిగాం.

ఇంకో లెక్క. వచ్చే ఆరేళ్లలో మీరు రాష్ట్రం మారే అవకాశం ఎంత? డిగ్రీ ఒకచోట, మొదటి ఉద్యోగం ఇంకోచోట, పెళ్లయ్యాక మరోచోట అన్నట్టుగా ఉంటే రిజర్వ్ సుఖం. దేశమంతా ఒకే సంస్థ కాబట్టి ఖాళీ ఉంటే ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కి మారడం లోపలి పనే. గార్డ్‌లో రాష్ట్రం మారాలంటే ఒక రాష్ట్రం వదిలి, ఇంకో రాష్ట్రం తీసుకోవాలి. అసాధ్యం కాదు, చాలామంది చేస్తారు. కానీ పాత రాష్ట్రం కడుతున్న ఫీజు మీ వెనకాల రాదు. ఇల్లు కొనుక్కుని, పుట్టిన ఊళ్లోనే ఉండిపోయే మనిషైతే గార్డ్ దగ్గర దొరికే స్నేహాలు వేరు. పదేళ్లు అవే మొహాలు.

చేయబోయే పని ఏమిటో చూడండి

ఆస్వాబ్ పరీక్ష రాస్తారు, ఆ మార్కుల్ని బట్టి ఏయే ఉద్యోగాలకి అర్హులో తేలుతుంది. కాస్త ప్రాక్టీస్ చేసి వెళ్లండి, అది లేకుండా వెళ్లి తక్కువ తెచ్చుకుంటే ఎంపిక కుంచించుకుపోతుంది.

పదాతి దళం, ట్యాంకులు, ఫిరంగులు కావాలనుకుంటే ఆర్మీ గార్డ్ వైపు చూడాలి. ఆర్మీ రిజర్వ్ మొత్తం మీద మిగిలిన పదాతి బెటాలియన్ ఒక్కటే, హవాయిలో ఉన్న 442వ రెజిమెంట్ 100వ బెటాలియన్. రెండో ప్రపంచ యుద్ధంలో జపనీస్ అమెరికన్లు నిలబెట్టిన పేరు అది. నర్సింగ్, ల్యాబ్, నీటి శుద్ధి, రవాణా, అకౌంట్లు లాంటివి బయట ఉద్యోగానికి కూడా పనికొస్తాయి, వీటికి రిజర్వ్‌లో ఎంపిక ఎక్కువ.

ఐటీ వాళ్లు ముందు ఎయిర్ నేషనల్ గార్డ్ చూడండి. వాషింగ్టన్ రాష్ట్రంలో 262వ సైబర్ స్క్వాడ్రన్ ఉంది, సియాటిల్ చుట్టుపక్కల టెక్ కంపెనీల్లో వారమంతా పనిచేసేవాళ్లు వీకెండ్‌లో అక్కడ యూనిఫాం వేసుకుంటారు. క్లియరెన్స్ వస్తే బయట ఉద్యోగానికి కూడా విలువ. అయితే క్లియరెన్స్ ఉన్నాక విదేశీ ప్రయాణాలన్నీ ముందే చెప్పి వెళ్లాలి.

వాతావరణం మీద ఇష్టమున్నవాళ్లకి ఒక ముచ్చట. హరికేన్ కంటిలోకి విమానం నడుపుకుంటూ వెళ్లి కొలతలు తెచ్చే హరికేన్ హంటర్స్ ఎయిర్ ఫోర్స్ రిజర్వ్ వాళ్లే, మిసిసిపీలోని కీస్లర్ బేస్‌లో ఉంటారు.

డాక్టర్ల దారి పూర్తిగా వేరు. పౌరసత్వం ఉంటే నేరుగా ఆఫీసర్‌గా తీసుకుంటారు, వయసు విషయంలోనూ పట్టువిడుపు ఉంటుంది. ప్రాక్టీస్ మూతపడకూడదని ఆర్మీ రిజర్వ్ డాక్టర్లని సాధారణంగా 90 రోజుల విడతలుగా పంపే విధానం ఉంది. మిగతా సైనికులకి ఆ వెసులుబాటు లేదు.

శిక్షణకి సమయం దొరుకుతుందా

శిక్షణ మాత్రం పార్ట్‌టైమ్ కాదు. ఆర్మీలో బేసిక్ 10 వారాలు, ఆ తర్వాత ఉద్యోగ శిక్షణ. అది కొన్ని వారాలు కావొచ్చు, భాషలూ కొన్ని సాంకేతిక పనులూ అయితే ఏడాది దాటొచ్చు. ఒక సెమిస్టర్ పోతుందా, ఏడాది పోతుందా అన్నది మీరు ఎంచుకున్న పనిని బట్టి ఉంటుంది కాబట్టి సైన్ చేసేలోపే ఆ కోర్సు ఎన్ని వారాలో రాయించుకోండి. హైస్కూల్ జూనియర్ (11వ తరగతి) పిల్లలకి ఆర్మీ గార్డ్‌లోనూ రిజర్వ్‌లోనూ స్ప్లిట్ ఆప్షన్ ఉంది: ఒక వేసవిలో బేసిక్, హైస్కూల్ అయ్యాక రెండో భాగం. 17 ఏళ్లకే చేరొచ్చు, తల్లిదండ్రుల సంతకం ఉంటేనే.

డబ్బు లెక్క కాగితం మీద వేయండి

డ్రిల్ వీకెండ్ అంటే రెండు రోజులే అయినా నాలుగు డ్రిల్ పీరియడ్లు, ఒక్కోదానికి ఒక రోజు మూల వేతనం. కొత్తగా చేరినవాళ్లకి వీకెండ్‌కి 300 డాలర్ల పైచిలుకు వస్తుంది. రెండు మూడేళ్లకి ఇంకో మెట్టు రెండు మెట్లు ఎక్కితే 400 దాటుతుంది. దీని కోసమే చేరాలనుకుంటే చేరొద్దు. కాఫీ షాపులో ఇంతకంటే సంపాదించొచ్చు, పైగా అక్కడ ఎవరూ మిమ్మల్ని బురదలో పాకమనరు.

అసలు లాభం ఇన్సూరెన్స్‌లో ఉంది, ఎవరూ బ్యానర్ మీద రాయరు గానీ. డ్రిల్ చేస్తున్నవాళ్లు ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ అనే హెల్త్ ఇన్సూరెన్స్ కొనుక్కోవచ్చు. 2025లో దాని ప్రీమియం ఒక మనిషికి నెలకి 60 డాలర్ల లోపు, కుటుంబం మొత్తానికి 300 లోపు. సొంత వ్యాపారం చేసుకునేవాళ్లూ, కాంట్రాక్ట్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లూ బయట ఇన్సూరెన్స్‌కి కడుతున్నదాంతో పోల్చి చూసుకోండి.

చదువు విషయంలో గార్డ్‌దే పైచేయి, మీ రాష్ట్రం ఇస్తేనే సుమా. న్యూజెర్సీ, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలు తమ ప్రభుత్వ కాలేజీల్లో గార్డ్ సభ్యుల ట్యూషన్ భరిస్తాయి. కొన్ని రాష్ట్రాలు ఇచ్చేది అంతంతమాత్రం. ఇది రాష్ట్ర చట్టం కాబట్టి గార్డ్ వెబ్‌సైట్‌తో పాటు మీ యూనివర్సిటీలో వెటరన్స్ ఆఫీసుకి వెళ్లి "గత సంవత్సరం ఎంతమందికి ఇచ్చారు, ఫీజులో ఏ భాగం వదిలేశారు" అని అడగండి. రిజర్వ్‌కి రాష్ట్ర డబ్బు మామూలుగా రాదు. ఫెడరల్ సాయం రెండింటికీ ఒకటే: ఆరేళ్ల ఒప్పందం మీద వచ్చే మోంట్‌గోమరీ జీఐ బిల్, నెలకి 500 డాలర్లకి కాస్త తక్కువ, 36 నెలల దాకా.

"పూర్తి జీఐ బిల్ వస్తుంది" అని ఎవరైనా అంటే ఆగి, ఏ జీఐ బిల్ అని అడగండి. కాలేజీ ఫీజు మొత్తం, ఇంటి అద్దె ఇచ్చే పోస్ట్ 9/11 జీఐ బిల్ యాక్టివ్ డ్యూటీ రోజుల్ని బట్టి వస్తుంది. 90 రోజులకి సగం, నూటికి నూరు రావాలంటే 36 నెలలు. వట్టి డ్రిల్ చేస్తూ కూర్చుంటే అది రాదు.

రిటైర్మెంట్ లెక్క ఇలా ఉంటుంది: ఏడాదికి 50 పాయింట్లు వస్తే అది మంచి సంవత్సరం, అలాంటివి 20 పూర్తయితే 60వ ఏట నుంచి పెన్షన్. సభ్యత్వానికి 15, డ్రిల్స్‌కి 48, వార్షిక శిక్షణకి రోజుకొకటి చొప్పున కలిపితే 50 దాటడం కష్టం కాదు. 2008 జనవరి 28 తర్వాత చేసిన అర్హత గల యాక్టివ్ డ్యూటీలో ప్రతి 90 రోజులకీ ఆ 60 ఏళ్ల గడువు మూడు నెలలు తగ్గుతుంది. బోనస్ సంగతి: మధ్యలో మానేస్తే తిరిగి కట్టించుకుంటారు. అందుకే అది చేతికొచ్చిన రోజే ఖర్చు పెట్టకండి.

ఆఫీసులో, ఇంట్లో మాట్లాడండి

1994లో వచ్చిన యూసెర్రా చట్టం ప్రకారం సైనిక డ్యూటీకి వెళ్లినవాళ్లని తిరిగొచ్చాక ఉద్యోగంలోకి తీసుకోవాలి, ఒకే యజమాని దగ్గర మొత్తం ఐదేళ్ల దాకా. కొన్ని రకాల డ్యూటీలు ఆ ఐదేళ్లలో లెక్కకే రావు. గార్డ్‌లో స్టేట్ యాక్టివ్ డ్యూటీ ఒకప్పుడు ఈ చట్టం కిందికి వచ్చేది కాదు. 2021 నుంచి 14 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే వస్తుంది. అంతకంటే తక్కువైతే సాధారణంగా మీ రాష్ట్ర చట్టమే దిక్కు, అది ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది.

చట్టం ఉద్యోగాన్ని కాపాడుతుంది గానీ మేనేజర్ మూడ్‌ని కాపాడదు. ఏడాది డ్రిల్ క్యాలెండర్ ముందే వస్తుంది, దాన్ని మొదటి వారంలోనే ఇచ్చేయండి. జీతం సంగతి వేరే అడగాలి: డ్యూటీలో ఉన్న రోజులకి యజమాని జీతం ఇవ్వాలని చట్టం చెప్పదు. కొన్ని కంపెనీలు తేడా మొత్తం ఇస్తాయి, కొన్ని పైసా ఇవ్వవు.

ఇంట్లో చిన్నపిల్లలతో ఒంటరిగా ఉన్నవాళ్లు, భార్యాభర్తలిద్దరూ సర్వీసులో ఉన్నవాళ్లు, పిలుపొస్తే పిల్లల్ని ఎవరు చూస్తారో రాసివ్వాలి. అది ఫార్మాలిటీ అనుకోకండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారులే అని రాస్తే, వాళ్ల వీసా గడువు ఎప్పటికి ముగుస్తుందో కూడా చూసుకోవాలి.

సంతకం పెట్టే ముందు

చేరితే మొత్తం బాధ్యత ఎనిమిదేళ్లు. సాధారణంగా ఆరేళ్లు డ్రిల్, మిగతా రెండేళ్లు ఐఆర్‌ఆర్ అనే జాబితాలో పేరు. ఆ రెండేళ్లు డ్రిల్ ఉండదు గానీ పెద్ద యుద్ధం వస్తే పిలవొచ్చు. రిక్రూటర్ "ఆరేళ్లు" అంటే అబద్ధం చెప్పినట్టు కాదు, సగం చెప్పినట్టు.

మా రిక్రూటర్ మంచివాడే, ఫోన్ చేస్తే ఎత్తేవాడు. కానీ ఆయన చెప్పిన రెండు విషయాలు కాంట్రాక్ట్‌లో లేవు. నోటిమాట నీటిమూట అని మనకి ఊరికే అనలేదు. డీడీ ఫారం 4 అనేది అసలు కాంట్రాక్ట్, దానికి జతపరిచిన పేజీల్లో ఉద్యోగం కోడ్, యూనిట్ పేరు, బోనస్ మొత్తం, చదువు సాయం రాసి ఉండాలి. లేకపోతే లేనట్టే. "ఇవాళే సైన్ చేయకపోతే ఖాళీ పోతుంది" అంటే పోనివ్వండి.

మెడికల్‌లో దాచడం ఇంకో తప్పు. ఇప్పుడు మెప్స్‌లో, అంటే చేరేవాళ్లకి వైద్య పరీక్షలు చేసే కేంద్రంలో, మీ పాత ప్రిస్క్రిప్షన్లూ హాస్పిటల్ రికార్డులూ కంప్యూటర్లోనే కనిపిస్తాయి. 13వ పుట్టినరోజు తర్వాత ఆస్తమా ఉంటే మామూలుగా అనర్హత, కానీ వేవర్ (మినహాయింపు) అడిగే దారి ఉంది. చెప్పి వేవర్ అడిగితే ఆలస్యమవుతుంది. చెప్పకుండా దొరికితే మోసం కింద లెక్క.

ఇవన్నీ అయ్యాక కూడా రెండు యూనిట్ల మధ్య ఊగుతుంటే, డ్రిల్ వీకెండ్‌లో వాళ్ల దగ్గరికి వెళ్లి చూడొచ్చా అని అడగండి. రిక్రూటర్‌ని పక్కన పెట్టి, రెండో మూడో ఏట ఉన్న సైనికుడిని పట్టుకోండి. చివరి సారి ఎప్పుడు, ఎన్ని రోజులకి పిలిచారు, డ్రిల్‌లో నిజంగా ఏం చేస్తారు, ఫీజు డబ్బు టైంకి వచ్చిందా, మళ్లీ సైన్ చేస్తావా అని అడగండి. చివరి ప్రశ్నకి ఎంతసేపు ఆగి జవాబిస్తాడో కూడా చూడండి.

అక్కడికి రిక్రూటర్ కారులో మాత్రం వెళ్లకండి. శనివారం తెల్లవారుజామున అలారం పెట్టుకుని మీ కారులో మీరే వెళ్లండి. చలికాలంలో అయితే ఇంకా మంచిది.